దగ్గరలో

రాత్రి రెండుంబావు.
వల్పరాయిసో కొండమీద ఎవరో అడుగుతున్నారు:
దగ్గరలో ఏ మందుల షాపు తెరిచి ఉంది?

ఎవరికి దగ్గర?
అది చెప్తేగాని మా యంత్రం నోరు విప్పదు.
అడిగిన ప్రతివాళ్ళూ
ఒక్కో అడుగు మా గడపలో వదిలి వెళ్ళేవారు.
మేం వాటిని ఊడ్చేవాళ్ళం కాదు,
పోగేసేవాళ్ళం.

మార్చిలో ఒక ఉత్తరం వచ్చింది,
గళ్ళ కాగితం, పిల్లల నోట్‌బుక్కులోంచి చింపింది.
"మూడు ఇళ్ళు మారాను.
జుట్టు కత్తిరించుకున్నాను.
పాపని బడిలో వేరే ఇంటిపేరుతో చేర్చాను.
నిన్న అతను కొత్త నంబరుకి ఫోన్ చేసి
ఒక్కటే అడిగాడు:
దగ్గు తగ్గిందా దానికి?"

ఆఫీసులో అందరం చదివాం.
మనం ఎవరికీ చెప్పలేదే, అన్నాడు గుమెర్సిందో.
నిజమే.
చెప్పలేదు. అమ్మాం.
పేర్లు తీసేసే అమ్మాం.
రోజూ రాత్రి ఒకే గుమ్మం వెనక నిద్రపోయే చుక్కకి
పేరెందుకు?

ఆ వారమే మొదలుపెట్టాను,
ఒకరు అడిగితే ఇరవైమంది అడిగినట్టు
కనపడేలా రాయడం.
మొదటి రాత్రి గుప్పెడు దొంగచుక్కలు చల్లితే
ఏడు సముద్రంలో పడ్డాయి.
ఓరియానా పగలబడి నవ్వింది:
పసిఫిక్‌లో ఎవరికే జ్వరం?

అప్పుడు వాటికి ఇళ్ళు వెతికాను.
ఒకటి రేవులో క్రేన్ తోలే మనిషి పక్కన,
ఒకటి రొట్టెల బట్టీ వెనక,
ఒకటి, చెప్పకూడదు గాని,
నన్ను స్కేలుతో కొట్టిన పియానో టీచరు కిటికీ కింద.
అసలుదాన్ని కూడా ఉన్నచోట ఉంచలేదు,
నాలుగు వీధులు అటో ఇటో జరిపాను,
తెల్లారి సముద్రం మీంచి ఎక్కొచ్చే పొగమంచు
మెట్లన్నీ మింగి
చేతికి రెయిలింగు మాత్రం వదిలినట్టు.

జనం రెండు సందులు ఎక్కువ నడవాలి, అన్నాడు గుమెర్సిందో.
నడవనీ, అన్నాను.

పాత పోగు ఎవరెవరి దగ్గరుందో
ఇప్పటికీ నాకు తెలీదు.

ఈ రాత్రి మళ్ళీ ఎవరో అడుగుతున్నారు,
ఇరవై గొంతులు ఒకేసారి.
ఇరవై జవాబులు పంపాను.
పంతొమ్మిది ఎవరికీ తగలకుండా రాలిపోతాయి.
ఎక్కడో ఒక చెయ్యి
షట్టరుకున్న చిన్న కిటికీలోంచి
దగ్గుమందు అందుకుంటుంది.

ఆ ఉత్తరానికి జవాబు రాద్దామని
కవరు అటూ ఇటూ తిప్పి చూశాను.
వెనక అడ్రసు లేదు.
మంచి పని చేసింది.