చీమలు తిన్న చోట

బీహెచ్‌పీవీ కాలనీలో ఆ ఇంటికి
మా అమ్మ అంట్లు తోమబోయేది.
వెనక గుమ్మం దాకా నాకూ పర్మిషన్.

పియానోని మేమంతా పెట్టె అనేవాళ్ళం.
ఓడలో వచ్చి, పోర్టులో మూడు వారాలు చెమ్మకి నాని,
లారీలో పరుపుల మధ్య పడుకుని గాజువాక దాటిన పెట్టె.
ఉప్పుగాలికి లోపలి తీగలు తుప్పు పట్టేవి.
వెల్డింగు షాపులో చేసే మా నాన్న
ఓ ఆదివారం దాని కడుపు విప్పి చూసి
"ఇదీ మన సరుకే, ఉక్కే" అని
తెగిన తీగ చోట కంపెనీ తీగ బిగించాడు.
ఆ ఒక్క మీట చివరిదాకా
కొంచెం బొంగురుగా, మా యాసలో పలికింది.

ఆవిడ పేరు ద్రహొమీర.
మా అమ్మ నోట్లో ద్రాక్షమ్మ.
చెక్ ఇంజనీరు గారి భార్య అని రిజిస్టర్లో ఉండేది.
సంగీతం రాస్తుందని
ఏ రిజిస్టర్లోనూ లేదు.

పొద్దున్నే అమ్మ వాకిట్లో చుక్కలు పెట్టేది.
ద్రాక్షమ్మ కాఫీ కప్పుతో మెట్ల మీద నిలబడి చూసేది.
ఓ రోజు కప్పు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తి
ఏడు, అయిదు, మూడు,
చుక్కలన్నీ పెట్టె మీద మోగించింది.
మళ్ళీ వచ్చి అడిగింది, వేలితో, కళ్ళతో:
ఇది ఏం పాట?
"పాటేటమ్మా, చీమలకి తిండి" అంది అమ్మ,
పిండి చెయ్యి పైటకి తుడుచుకుంటూ.
నేను వంగి ఒక చీమని చూపించాను.
నా మొదటి అనువాదం అదే.

ఆ రోజు నుంచి రాస్తూనే ఉండేది.
ఫ్యాక్టరీ సైరను రాసింది.
రెండో షిఫ్టు సుత్తి దెబ్బలు రాసింది.
డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌసు వెలుగు
అటు తిరిగిపోయాక మిగిలే చీకటిని కూడా రాశానని
చేతులు తిప్పి చెప్పింది.
చీకటిని ఎలా రాస్తారో నాకు ఇప్పటికీ తెలీదు.

అరవై ఎనిమిది ఆగస్టు. ముసురు.
రేడియో ముందు నలుగురు చెక్కువాళ్ళు
బురద బూట్లతోనే కూర్చున్నారు.
వాళ్ళ దేశంలోకి ట్యాంకులు వచ్చాయని నాన్న చెప్పాడు.
నాకు తెలిసిన ట్యాంకులు కంపెనీలో చేసేవి,
గుండ్రంగా, ఖాళీగా, పిలిస్తే పలికేవి.
అవి వస్తే ఏడవడమెందుకో అర్థం కాలేదు.

పదకొండు రోజులు పెట్టె మూత తియ్యలేదు.
పన్నెండో రోజు వాన వెలిసింది.
అమ్మ ముగ్గు వేసి లేచాక
ద్రాక్షమ్మ వచ్చి పక్కనే గొంతుక్కూర్చుంది,
గౌను అంచు మట్టిలో, ఎండెక్కేదాకా.
చీమలు ఒక్కో చుక్కనీ ఎత్తుకుపోవడం చూసింది.
లోపలికెళ్ళి రాసిన కాగితాలు ముందేసుకుని
మొదటి పేజీ ముట్టుకోలేదు.
రెండో పేజీలో ఒక చుక్క కొట్టేసింది.
తర్వాతి దాంట్లో మూడు. ఆ తర్వాత
నేను లెక్క తప్పాను.
ఆఖరి పేజీకి గీతలే మిగిలాయి.
వాటి మధ్య ఒక్కటే చుక్క,
మా నాన్న బిగించిన ఆ బొంగురు స్వరం.

తుఫాన్ల నెల దాటాక వెళ్ళిపోయారు,
సొంతూరికో, ఊరు కాని ఊరికో.
పెట్టెని ఎవరో కొన్నారు. తర్వాత చెదలు.
ఆ సంగీతాన్ని ఎక్కడో ఎవరో
నల్లకోట్లు వేసుకుని వాయించే ఉంటారు.
వాయించినా, ఆ తీగ వాళ్ళకెక్కడిది?

కూర్మన్నపాలెంలో, నాలుగో అంతస్తులో
నా వాకిలి రెండడుగులు.
రాతిపిండితో ముగ్గేస్తాను.
సాయంత్రం దాకా చెక్కు చెదరదు.
ఒక్క చీమా రాదు.