పాదరసం

పాలకొల్లు డాక్టరు
ఇరవై రెండేళ్ల నల్ల ముక్కల్ని
నీళ్ల సీసాలో వేసి మూత బిగించాడు.
"ఇంటికి పట్టుకెళ్లకండి" అన్నాడు, నేను అడగకుండానే.

నరసాపురంలో కాలువ కట్టేసిన వారం అది.
పూడిక తీస్తుంటే గట్టు మీదికొచ్చాయి
చెప్పులు, సీసాలు,
ఒక కుట్టుమిషను చక్రం.

మా ఆడబడుచు మంగతాయారు
పరగడుపునే కొత్తిమీర నూరి గ్లాసుడు ఇస్తుంది.
"ఒంట్లోదంతా దిగిపోద్ది వదినా."
దిగుతుందో లేదో.
చేప మాత్రం మానేశాను
పక్కింటి చందువా పులుసుకి కిటికీ మూసి.

చిన్నప్పుడు నన్నే పాదరసం అనేవారు,
కాలు ఒకచోట నిలవదని.
ఇప్పుడు లేసు అల్లుతూ
దారం కొరకబోయి ఆగుతాను.
నాలుక అలవాటు కొద్దీ
పాత గరుకు వెతుక్కుంటూ వెళ్లి
కొత్త నునుపు తగిలి
ఎవరిదో ఇల్లనుకుని
వెనక్కొచ్చేస్తుంది.

నిన్న రాత్రి కాలువకి నీళ్లొదిలారు.
ముందొచ్చిందంతా
బురదే.