ఉత్తరపు హద్దు దగ్గర

తూర్పు: మల్లెల కోటమ్మ వారసుల దొడ్డిగోడ.
దక్షిణం: పన్నెండడుగుల సందు.
పడమర: చెంచురామయ్య గారి ఖాళీ స్థలం.
ఉత్తరం:

అంతే. అక్కడ ఆగింది.
రెండు చుక్కల పక్కన మినుకుమినుకుమనే గీత
మినకడం కూడా మానేసింది.
తెర మధ్యలో ఒక తెల్ల పెట్టె.
మెమరీ చాలదట, కొన్ని మూసెయ్యాలట.

ఏం మూసేది?
తెరిచిందే ఒక్క దస్తావేజు,
కావలి ఊళ్ళో ఇరవైనాలుగు అంకణాల నేల.
రేపు పదిన్నరకల్లా రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద
పెంచలయ్య గారి చేతిలో పడాలి.
పేజీకి నలభై, నా కూలి.

కరీముల్లా వచ్చాడు
చెవి మీద స్క్రూడ్రైవరు, జేబులో బ్రష్షు.
పక్క రేకు ఊడదీస్తే
పన్నెండేళ్ళ దుమ్ము, బల్లిగుడ్డు పెంకొకటి,
మా అత్త పూజ కుంకుమ ఎట్లా చేరిందో
ఫ్యాను రెక్క మీద ఎర్రగా.

"జ్ఞాపకశక్తి తగ్గిందా దీనికి?" అన్నాను.
"అది బీరువా కాదక్కా, ఒడి" అన్నాడు.
"నువ్వు రాసినయ్యన్నీ లోపల డిస్కులో భద్రంగా ఉండాయి.
ఇది, ఇప్పుడు పని చేసేదానికి పట్టుకునే చోటు.
నిండిందనుకో, గట్టు మీద పోసొచ్చి
మళ్ళీ గట్టు మీది నుంచి ఏరుకుంటాది.
అందుకే ఆ గరగర, అందుకే ఆ నిదానం."

నాకు చప్పున అర్థమైంది.
పెళ్ళికి ముందు జలదంకి చేలల్లో
మిరపకాయలు కోసినదాన్ని.
ఒడి కట్టు ఎంత బిగించినా
పదో మొక్క దగ్గర నడుం చెప్పేది.

పొద్దున మీట నొక్కగానే
నేను పిలవకుండా లేచి కూర్చునేవాళ్ళ జాబితా తీశాడు.
పదహారు మంది.
కాలం చెల్లిన వైరస్ కాపలావాడు,
మావాడెప్పుడో ఆడి వదిలేసిన కారు పందెం,
పేరు చూసినా పనేందో తెలియనివి నాలుగు,
ఇంకా, మూడేళ్ళ కింద అమ్మేసిన ప్రింటరు కోసం
ఒక ప్రోగ్రాము. అది రోజూ లేస్తా ఉండాదట.
లేచి, కాగితం వస్తుందేమోనని
రాత్రిదాకా కాసుక్కూర్చుంటా ఉండాదట.

"తీసేద్దునా?"
మిగతా వాటికి ఊఁ అన్నంత తొందరగా
దానికి అనలేకపోయాను.
ఆ ప్రింటరు ఆయన కొన్నది.
అమ్మింది నేను, ఫీజు గడువు రోజున.
"తీసెయ్" అన్నాను, పొయ్యి మీద పాలు చూసే నెపంతో లేచి.

తర్వాత మావాడి పెన్సిలు రబ్బరడిగాడు,
అనాసపండు వాసనొచ్చేది.
వేలెడంత పచ్చ పలకను ఊడబెరికి
దాని బంగారు పళ్ళు ఒక్కొక్కటే తోమాడు,
బడికి పోను మొరాయించే పిల్లకు తోమినట్టు.
పక్క గాడిలో ఇంకో పలక దించాడు.
టక్.
ఇట్లాటివి కొత్తవి రావడం లేదట.
మూతబడ్డ జిరాక్సు షాపు మిషన్లోది, నాలుగొందలన్నాడు.
మూడొందల యాభైకి తెగింది.

"ఆ షాపు కాగితాలేమన్నా మిగిలుంటాయా దీంట్లో?"
నవ్వాడు కరీముల్లా.
"ఒళ్ళో ఏం మిగులుద్దక్కా?
కరెంటు పోతే అది లేచి నిలబడినట్టే.
అన్నీ రాలిపోతాయి."

వాడు పోయాక దస్తావేజు తెరిచాను.
ఫ్యాను సద్దు తగ్గింది.
అక్షరం నా వేలి వెనకే వస్తా ఉంది,
ఇన్నాళ్ళూ నాలుగడుగులు వెనకబడి నడిచింది.

ఉత్తరం: వాగు పోరంబోకు.
ఈ నాలుగు హద్దుల మధ్య గల,
అని మొదలుపెట్టి సాక్షుల సంతకాల దాకా
ఒక్క బిగిన కొట్టాను.
ఎనిమిదికి కరెంటు కోత.
ఏడూ యాభైకే సేవ్ నొక్కాను, రెండుసార్లు.

లేచి నిలబడి
కొంగు దులుపుకున్నాను,
ఏమీ లేకపోయినా.