అక్షరానికి అరవై

మెట్టుగూడ సమాధుల గేటుకెదురుంగ
నీడకు ఓ నీలం కవరు కట్టుకున్న.
దానికింద నేను, మూడు ఉలులు, ఓ సుత్తె,
పోయినోళ్ళ పేర్లు రాసిన చిట్టీలు.
బోర్డు మీద:
బండ కొండల్. అక్షరాలు చెక్కబడును.

ఇంటిపేరు బండ, పెట్టిన పేరు కొండల్.
మా నాయినకు ఇంకో మాట దొరకలేదేమో.
బడిల హాజరు పిలిచేటప్పుడు సారు "బండ" అని ఆగేటోడు,
పిల్లలు నవ్వేటందుకు టైమిచ్చి
అప్పుడు "కొండల్" అనేటోడు.
చదువు రానోన్ని బండోడంటరు,
సిగ్గులేనోనిది బండమొహమంటరు,
కష్టమొస్తే నెత్తిన బండ పడ్డదంటరు,
ఆఖరికి గ్యాసు సిలిండర్ గూడ బండనే.
పెండ్లిచూపులల్ల మా ఆమె నన్నడిగింది ఒక్కటే:
"ఆ పేరు మార్చుకోరాదా?"

మొన్న ముసురు పట్టిన పూట
డోరీన్ పింటో వచ్చింది, లాలాగూడ రైల్వే క్వార్టర్లల్ల పుట్టిన మనిషి.
గొడుగు మడవకుండనే చిట్టీ ఇచ్చింది.
ఆల్బర్ట్ క్రెయిగ్. వాళ్ళ నాన్న.
"ఇంగ్లీషుల పదకొండక్షరాలు, ఆరు వందల అరవై.
తారీకులకు పైసలు తీస్కోను.
ఇంజను డ్రైవరని రాయాల్నా?"
"వద్దు," అన్నది, "ఆ కూత ఎరిగినోళ్ళకు ఎరికే."

పక్కన పదేండ్ల పిలగాడు,
నా రాతి పెచ్చులను చెప్పుతోని దొర్లిస్తున్నడు.
"క్రెయిగ్! ముట్టకు, కోసుకుంటది!"
నేను చిట్టీ దిక్కు చూసిన, పిలగాని దిక్కు చూసిన.
"అది పోయినాయన పేరు గదమ్మా?"

"నాన్న ఇంటిపేరది.
నేను పెండ్లయి పింటోనైన. అన్నల్లేరు, తమ్ముళ్ళు లేరు.
వెనకాల ఉంటే పోతదని
మనుమనికి ముందల పెట్టించిన."

"అంటే ఏందమ్మా, దాని అర్థం?"
డోరీన్ వంగి నా మోకాళ్ళ కాడున్న గ్రానైటును
గేదెను చరిచినట్టు అరచేత్తోని చరిచింది.
"మా తాతలు స్కాట్లాండోళ్ళు. వాళ్ళ మాటల, ఇదే.
పన్నది గాదు, లేచి నిలబడ్డది.
మౌలాలి గుట్ట మీద చూడు, అట్ల."

అరవై ఏండ్లు ఈ ఊర్లె ఉన్నా ఆమెకు తెలుగు చదవరాదు.
బోర్డు మీది నా పేరు నేనే చదివి ఇనిపించిన.
ఆమె నవ్విన నవ్వుకు గొడుగు బురదల పడ్డది.
పిలగానికి మాత్రం నవ్వు రాలే.
"అంకుల్," అన్నడు, "నువ్వు గూడ క్రెయిగ్‌వేనా?"

ఆ రాత్రి బల్బు వెలుగుల కొట్టిన.
బండ మీద బండ అని కొట్టుడు, ఇంకో దేశపు మాటల.
మా నాయిన నానక్‌రామ్‌గూడల సమ్మెటేసినోడు.
ఒకదాని భుజం మీద ఒకటి కూసున్న బండలుండె ఆడ,
పొద్దుగూకితే తొండలు, మేకలు, వాటి మీద మేము.
ఇప్పుడు చూస్తే నా మొహమే కనపడే అద్దాల మేడలు.
ఈ పలక ఆడిదే కావొచ్చు, ఖమ్మందే కావొచ్చు,
అమ్మినోడు చెప్పడు.
అక్కడ లేని బండ మా రేషన్ కార్డుల ఉన్నది.
సముద్రం అవతలి ఏ గుట్టనో
ఓడెక్కి, రైలెక్కి,
ఓ పిలగాని లెక్కల నోట్‌బుక్కు అట్ట మీద ఉన్నది.

ఉలి ఒకసారి జారింది. ఆఖరి అక్షరం తోక
కొంచెం పొడుగొచ్చింది. చెప్పలే.

పలక తీస్కపోను వచ్చి ఆరు వందలే ఇచ్చింది డోరీన్.
లెక్కపెట్టుకొని జేబుల వేసుకున్న.
ఏ అక్షరం బాకీ అని అడగలే.
పలకను ఆటోల ఎక్కించినంక
పిలగాడు రోడ్డవతల కుక్కపిల్ల కాడ ఆగిపోయిండు.
"క్రెయిగ్!" అని పిలిచింది ఆమె,
బడిల సారు పిలిచినట్టే, గట్టిగ.

ఎవ్వరు నవ్వలే.
సుత్తె చేతిల ఉండంగనే
నేను లేచి నిలబడ్డ.