తోక తెగిన సబర్

మా నానా సిలారు సాహెబు
తాళ్ళరేవులో పడవలకు పేర్లు రాసేవాడు.
ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఉర్దూ.
రెండు పేర్లూ అణియం దగ్గరే మొదలై
వెనక్కి పారేవి.

ఇంట్లో ఆయనది కాని రాత ఒక్కటే,
నానీ పుట్టింటి పింగాణీ పళ్ళెం మీద
నీలంగా, సబర్.
కోరంగి రేవులో ఓడ దిగి వచ్చిందంటారు.
దిగడం చూసినవాళ్ళు లేరు.
రాసింది ఎవరో చీనా సాయిబట.
కలంతో కాదు, కుంచెతో.
అందుకే సాద్ కడుపు
నానబోసిన వడ్లగింజలా ఉబ్బి ఉంటుంది,
బే కింది చుక్క
పైనుంచి జారి పడ్డట్టుంటుంది.

తొంభై ఆరు తుఫానుకి గూడు కూలి
అంచు పగిలింది.
రే పోయింది, తోకతో సహా.
ఆ రాత్రి వేటకెళ్ళిన మామూ పడవ
రెండు పేర్లతోనూ రాలేదు.

తర్వాత నానీ ఆ పళ్ళేన్ని
ఉన్నంతవరకే చదివేది: సబ్.
అంతా, అని.
ఇంకేమీ అనేది కాదు.

నానా కిక్కిస పుల్ల చెక్కి కలం చేశాడు.
దీపం మసి, తుమ్మ జిగురు, పాత పేపర్ల మీద
వంద తోకలు.
ప్రతిదీ కత్తితో కోసినట్టు నున్నగా వచ్చింది.
"ఇది కలం మాట వినే అక్షరం కాదే పిల్లా."

మర్నాడు సున్నం కుంచెకని నానబెట్టిన
మొగలి ఊడ ఒకటి తీసి
రాతి మీద చితక్కొట్టాడు.
ముంచి, ఊపిరి బిగబట్టి, లాగాడు.
సగంలో సిరా అయిపోయింది.
మిగతా తోకంతా
పీచుపీచుగా, తెల్ల చారలతో.
చెడిందన్నాడు.
నేను కిటికీలోంచి కాలవ చూపించాను.
ఆటు తీస్తున్న వేళ,
నీళ్ళు వెళ్ళిపోతూ బురద మీద
అచ్చం అలాగే గీస్తున్నాయి.

పళ్ళేన్ని అతకలేదు నానా.
గోడకి తగిలించి,
విరిగిన అంచు దగ్గర మొదలుపెట్టి
రే తోకని సున్నపు గోడ మీదికి లాగాడు,
జానెడు పొడవున, ఆరిపోయేదాకా.
నానీ చాలాసేపు నిలబడింది.
పైకి చదివిందో లేదో నాకు వినబడలేదు.

ఇద్దరూ పోయారు. పడవల మీద ఇప్పుడు స్టిక్కర్లు.
పోయినేడు సున్నం వేసిన కుర్రాడు తెలియక
దాని మీదుగా ఒక చెయ్యి లాగేశాడు.
నేనేమీ అనలేదు.
గోడ ఆరింది.
మూడోనాటికి, పల్చగా,
తోక మళ్ళీ పైకి తేలింది.