అరటికాయ గుండు

ఆటోనగర్ నాలుగో క్రాసులో
లారీ టైరు ఊడదీసిన ప్రతిసారీ
రిమ్ము అంచున కరుచుకున్న సీసం ముక్క
నా రేకు డబ్బాలో టంగుమని పడుతుంది.
చక్రం వణక్కుండా ఇన్నాళ్ళూ పట్టుకున్న బరువు,
కటక్ దాకా పోయొచ్చింది,
నాసిక్ ఉల్లిపాయల కింద నలిగింది.
డబ్బా నిండితే నిజాంపట్నానికి ఫోను చేస్తాను.

వేట నిషేధం రోజుల్లో వస్తాడు
కొక్కిలిగడ్డ నాంచారయ్య,
పడవని ఒడ్డుకి లాగేసి,
రేపల్లె బస్సులో, చంకలో గోనెసంచితో.
"సుభానీ, ఈసారి అరటికాయలు నలభై" అంటాడు
రైతుబజారులో అడిగినట్టే.

రోహిణి కార్తె. పొయ్యికీ రోడ్డుకీ తేడా లేదు.
మూకుట్లో సీసం దిగుతుంది,
గ్రీజు, మసి, ఇనుప క్లిప్పులు పైకి తేలతాయి,
గరిటెతో తెట్టు తీస్తాను.
పొగ వైపు నిలబడొద్దంటే సైదా వినడు.
అచ్చులో తడుందేమో రెండుసార్లు చూస్తాను.
ఒక్క నీటిబొట్టు చాలు,
సీసం తిరగబడి మొహం మీదకి లేస్తుంది.
నా మోచేతి కింద మచ్చ అదే.
బతుకంతా నీళ్ళలో ఉండబోయే సరుకు
పుట్టేటప్పుడు చెమట చుక్కని కూడా ఓర్చుకోదు.

వంపెందుకని మొదటి ఏడాదే అడిగాను.
"నిటారు గుండైతే, పడవ లాగుతుంటే
బొంగరమై తిరుగుద్ది. దారం మెలిపడుద్ది.
వంపుందనుకో, పొట్ట కిందకి పెట్టుకుని
బుద్ధిగా వెంట వస్తది."
ఈ చివరా ఆ చివరా ఇత్తడి కన్ను.
ముందు కంటికి పడవ నుంచొచ్చే తాడు,
వెనక కంటికి తిరుగుడు లింకు,
అక్కణ్ణుంచి రెండు బారలు నైలాను,
ఆఖరి జానెడు మాత్రం తీగె,
వంజరం పళ్ళకి నైలాను సేమియాతో సమానం.
బార ఎంతో చూపిద్దామని చేతులు చాపితే
ఒకటి కంప్రెసరుకి, ఒకటి గోడకి తగిలింది.
నవ్వి, బయటికొచ్చి రోడ్డు మీద కొలిచాడు,
ఆటోవాడు హారన్ కొడుతున్నా.

"ఆగిన పడవకి ఏ రాయైనా చాలు.
పోయే పడవకే లెక్క కావాలి.
వేగం పెంచావా, గాలం పైకి తేలుద్ది.
చేప కిందే ఉంటది,
నువ్వు పైన ఊరేగుతుంటావు."

కిందటేడు పోసినవి చూసుకుని మురిసిపోయాను.
అచ్చు విప్పితే కొత్త రూపాయి మెరుపు.
గుడ్డతో తుడిచి మరీ ఇచ్చాను.

ఈ ఏడు సంచిలోంచి ఒకటి తీసి
బల్ల మీద పెట్టాడు. ఏమీ అనలేదు.
పొట్ట మీద పళ్ళ గాట్లు,
రంపంతో గీరినట్టు, వరసగా తొమ్మిది.
"గాలాన్ని వదిలేసి దీన్ని పట్టింది.
కరిచింది, బరువు చూసుకుంది, ఉమ్మేసి పోయింది.
రెండు మణుగుల చేప."
టీ తాగేసరికి అది మూడు మణుగులైంది.
"మెరుపు తీసెయ్యి సుభానీ."

ఇరవై రెండేళ్ళుగా చెయ్యి నేర్చుకుంది
మెరుపు తేవడమే. తీసే పని ఎప్పుడూ పడలేదు.
అతను చెప్పినట్టే
నలభైని తడి గోనెలో చుట్టి,
లోపల కల్లుప్పు చల్లి, మూడు రోజులు వదిలేశాం.
నాలుగో పొద్దున విప్పితే
అన్నీ వానాకాలపు మబ్బు రంగు.
నా చేతిలో పుట్టినట్టు ఒక్కటీ లేదు.
నాంచారయ్య ఒక్కోదాన్నీ ఎండకి తిప్పి చూసి,
ఎక్కడా తళుక్కుమనకపోతే
తృప్తిగా సంచిలో వేసుకున్నాడు.

గాట్లున్నదాన్ని కరిగించెయ్యమని వెళ్ళాడు.
తూకానికి డబ్బాలోంచి వేరే ముక్క తీసుకున్నాను.
అది గాలి మిషను పక్కన మేకుకి వేలాడుతోంది.
సైదా పనిలేనప్పుడు గాట్లలో గోరు పెట్టి
లెక్కపెడతాడు, ఒకసారి ఎనిమిదొస్తాయి, ఒకసారి పది.
టైరు మార్పించుకునే డ్రైవర్లు
ఇది ఏ బండిదని అడుగుతారు.
నిజాంపట్నం బండిదంటాను.