ఉతకని చేతొడుగులు

మూడేసి ఆకులుగా పుడుతుంది.
ఎండాకాలం నూనె రాసుకున్నట్టు మెరుస్తుంది,
ఆకు రాలే ముందు నెత్తుటి రంగు తిరుగుతుంది,
చలికాలం వచ్చేసరికి అంతా రాల్చేసి
మాను మీద మసిపట్టిన తాడులా
నూగు వేళ్లతో కరుచుకుని ఉంటుంది.
అప్పుడూ విషమే.

పాయిజన్ ఐవీ అంటారక్కడ.
మామిడికాయ ముచ్చిక తుంచితే చివ్వున చిమ్మి
పెదవి మూల పుండు చేసే సొన ఉందే,
దానికి దూరపు దాయాది.
దూలగొండిలా తాకగానే కేక పెట్టించదు.
పెద్దమనిషి తరహా.
రెండు రోజులు ఆగి వస్తుంది.

వెస్ట్ వర్జీనియా కొండల్లో
కరెంటు తీగల కింద పొదలు నరికే పని డెల్మర్‌ది.
ఆ తీగ అతన్నేమీ చేసేది కాదు.
కొందరి ఒళ్లు అంతే.
పందెం కట్టి ఆకు చెంపకి రుద్దుకుని
తోటి కుర్రాళ్ల దగ్గర రెండు డాలర్లు గెలిచాడోసారి.

వెర్నా అలా కాదు.
పెళ్లయిన మొదటి జూన్‌లో
అతని చొక్కా ఉతికిన పాపానికి
మోచేతుల దాకా నీటిపొక్కులు,
రెప్పలు విడనంత వాపు.
మూడు వారాలు
ఓట్స్ పిండి కలిపిన చన్నీళ్ల తొట్టిలో కూచుని
గోళ్లు అరచేతుల్లో గుచ్చుకుంటూ
గోకకుండా బతకడం నేర్చుకుంది.

అప్పట్నుంచీ అతనికో మడి ఏర్పడింది.
ఇంటి వెనక పంపు దగ్గరే బట్టలు విప్పి
గిన్నెలు తోమే సబ్బుతో మూడుసార్లు,
గోళ్ల సందులు, గడియారం పట్టా, కత్తి పిడి,
ఆఖరికి వెంట వచ్చిన కుక్క వీపూ.
మంచు పడుతున్నా సరే.
ఆమె గుమ్మంలో తువ్వాలు పట్టుకుని చెయ్యి చాపితే
"ఉండు, ఇంకా కాలేదు" అనేవాడు.

ముప్పై ఏళ్లు.

అక్టోబరులో ఒకరోజు పంపు దాకా రాలేదు.
కరెంటు తీగల కిందే,
చేతిలో రంపం ఇంకా తిరుగుతుండగా,
గుండె ఆగింది.
కంపెనీ వాళ్లు తెచ్చిచ్చిన సంచీలో
సగం తాగిన థర్మాస్, కళ్లద్దాలు, చేతొడుగులు.
వాటిని షెడ్డులో మేకుకి తగిలించింది.

ఫిబ్రవరి. ఇంట్లో కట్టెలు నిండుకున్నాయి.
షెడ్డు చీకట్లో తన తొడుగులు దొరక్క
అతనివి వేసుకుంది.
వేళ్ల చివర ఖాళీ.
తోలు మాత్రం అతని బొటనవేలి వంపు మరిచిపోలేదు.
కట్టెలు మోయడం అయిపోయాక కూడా విప్పలేదు.
నిజం చెప్పాలంటే
ఒకసారి చెంపకి ఆనించుకుంది.

మూడో రోజు తెల్లవారుజామున
మణికట్టు చుట్టూ దురద.
తర్వాత చెంప మీద ఎర్రగా ఒక గీత,
ఎవరో వేలితో రాసినట్టు.

క్లినిక్‌లో మారిబెత్ అనే కుర్ర నర్సు ఆశ్చర్యపోయింది.
"ఇంత మంచులో ఎక్కడ తగిలించుకున్నారు?"
ఆ నూనె ఏళ్ల తరబడి చావదంది,
గుడ్డ మీద, పిడి మీద, బూట్ల తాళ్ల మీద.
"తగలబెట్టకండి మాత్రం,
ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే మరీ ప్రమాదం."
మాత్రలిచ్చింది. మొదట ఆరు, ఆనక అయిదు,
ఒక్కసారిగా మానకూడదట.

వెర్నా జవాబు చెప్పలేదు.
ముప్పై ఏళ్ల తర్వాత
చెయ్యి కడుక్కోకుండా తాకాడని
ఎవరితో చెబుతారు?

గోకలేదు.
పొక్కులు చితికి, పక్కు కట్టి, పొరలు రాలి
చెంప మీది గీత సన్నబడుతున్నకొద్దీ
అద్దం ముందు ఎక్కువసేపు నిలబడేది.

మార్చిలో రబ్బరు తొడుగులు వేసుకుని
పంపు దగ్గర కూచుంది.
గిన్నెల సబ్బు. చన్నీళ్లు. ఒకసారి, రెండుసార్లు.
నురగలో తోలువేళ్లు మెత్తబడి విచ్చుకున్నాయి.
మూడోసారికి ముందు చాలాసేపు ఆగింది.

కుక్క వచ్చి వాసన చూడబోతే
మోచేత్తో అడ్డుపెట్టి
"ఉండు" అంది దానితో,
"ఇంకా కాలేదు."